యెషయా గారి ఆరువందల డెబ్భై రెండు గుమ్మటాలు

యెషయా గారికి నిండుగా ఉన్న వస్తువు మీద బొత్తిగా గౌరవం లేదు. ఆయన దృష్టిలో టూత్‌పేస్టు పుట్టింది మూత కోసం, అగరొత్తులు పుట్టింది గొట్టం కోసం, పెళ్ళిళ్ళు జరిగేది శుభలేఖ అట్ట కోసం. మధ్యలో ఉన్న పేస్టూ, అగరొత్తులూ, వధూవరులూ ఆ మూతా ఆ అట్టా ఆయన చేతికి రాకుండా ఆలస్యం చేసేవాళ్ళు. అందుకే ఎవరి గడప తొక్కినా ఆయన మొదటి మాట "బాగున్నారా" కాదు, "అయిపోయిందా?"

చిలకలగూడలో మా సందువాళ్ళందరికీ ఈ ప్రశ్న అలవాటే. కొత్తగా దిగినవాళ్ళే బెదిరిపోతారు. పదకొండేళ్ళ కిందట నేను కాకినాడ నుంచి ఇక్కడి స్కూల్లో లెక్కల టీచరుగా చేరి, ఆయన ఎదురింట్లో అద్దెకు దిగాను. సామాను ఇంకా వాకిట్లోనే ఉంది. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్సిళ్ళూ ఒక చిన్న కత్తెరా పెట్టుకున్న పెద్దమనిషి వచ్చి, నా మిక్సీ పెట్టెను నాలుగు వైపులా చూశారు.

"వందనాలమ్మా. ఇది అయిపోయిందా?"

"ఏదండీ?"

"పెట్టె."

"అందులో మిక్సీ ఉంది."

"తీసినంక చెప్పుండ్రి. తొందరేం లేదు," అని గడప మీద కూర్చున్నారు. నేను మిక్సీ బయటికి తీసేదాకా లేవలేదు.

ఇంతకీ ఇవన్నీ ఎందుకంటే ఇళ్ళు కట్టడానికి. ఆ ఇళ్ళు ఎందుకంటే యుద్ధాలు చేయడానికి. కంగారు పడకండి. బొల్లారంలో ఒక హాల్లో ఆదివారం పూట పదిమంది పెద్దవాళ్ళు, అంటే ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళే, పెద్ద బల్ల మీద వేలి కణుపంత సైనికుల్ని నిలబెట్టి, పాచికలు వేసి, పాతకాలపు యుద్ధాలు ఆడతారు. చదరంగం లాంటిదే అనుకోండి. కాకపోతే గడుల బదులు బల్ల మీద ఒక ఊరంతా ఉంటుంది. వాగు, వంతెన, చర్చి, బ్యారక్‌లు, బంగళాలు. ఆ ఊరు కట్టేది యెషయా గారు. ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్ఫై నాలుగేళ్ళు కాగితాల మీద గీతలు గీసి రిటైరయ్యాక, ఆ గీతలన్నీ ఇక లేచి నిలబడాలని ఆయనకు పట్టుదల పుట్టింది. ఇలాంటి ఇళ్ళు రెడీమేడ్‌గా కూడా దొరుకుతాయట. ఆ మాట ఆయన ముందు అనడం, ఇడ్లీ పిండి ప్యాకెట్టు కొన్నానని మా అమ్మ ముందు అనడం లాంటిది.

ఆయన భార్య ప్రిసిల్లా గారు ఈ మనిషితో నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు. ఒకసారి ఆవిడ ఆయన్ను టమాటాల కోసం బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపారు. మధ్యాహ్నానికి ఆయన ఆటోలో ఒక ఖాళీ చెక్కపెట్టె వేసుకుని, యుద్ధం గెలిచినట్టు దిగారు.

"టమాటలేవయ్యా?"

"టమాటలు వచ్చిన పెట్టే దొరికింది గదా ప్రిసిల్లా. పలక జూడు, ఎంత పల్చగున్నదో. పన్నెండు తలుపులైతయి."

"పప్పులో తలుపులు వెయ్యాల్నా?"

ఆ రోజు వాళ్ళు పచ్చడి మెతుకులు తిన్నారు. తలుపులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

ఖాళీ వస్తువు విషయంలో సిగ్గుపడని మనిషి, నిజం విషయంలో మాత్రం మహా మొండి. ఆయన కట్టిన ప్రతి కట్టడం ఆ కాలంలో నిజంగా ఎలా ఉండేదో అలాగే ఉండాలి. కిటికీకి ఆరు అద్దాలంటే ఆరే. ఒకసారి బొల్లారంలో పద్దెనిమిది వందల యాభైల నాటి యుద్ధం మంచి రంజుగా సాగుతోందట. రెండు దళాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ గుంపుకు పెద్ద అయిన ఉదయ్ భాస్కర్ అనే పళ్ళ డాక్టరు పాచికలు విసరబోతుండగా, యెషయా గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆపుండ్రి డాక్టర్ సాబ్. యుద్ధం క్యాన్సిల్."

"ఏమైందండీ అంకుల్?"

"ఈ బంగళా మీద మంగళూరు పెంకు ఏసిన. ఆ పెంకు అప్పటికింకా పుట్టలే. తప్పైంది."

"పర్లేదండీ, ఎవరు చూస్తారు?"

"నేను చూస్తున్న గదా!"

బంగళాను చంకలో పెట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చేశారు. రెండు సైన్యాలూ వారం రోజులు అలాగే నిలబడ్డాయి. తర్వాతి ఆదివారం నాటు పెంకులు వేసుకుని బంగళా తిరిగి వెళ్ళాకే తుపాకులు పేలాయి. ఆ రోజు నుంచి ఆ హాల్లో ఆయన మాటే శాసనం. 'ఇది ఆ కాలానిదేనా' అని ఎవరికి అనుమానం వచ్చినా, ఆయన తల ఊపితే ఆ వస్తువు ఉంటుంది, అడ్డంగా ఆడిస్తే బల్ల దిగుతుంది. ఆ గౌరవం ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం సందు మలుపు తిరిగేటప్పుడు ఆ నడకలోనే తెలిసిపోయేది.

ఇక నా సంగతికి వస్తాను. నేను ఒక్కదాన్నే ఉంటాను. అది నా నిర్ణయం, ఎవరూ జాలిపడక్కర్లేదు. పేరు ఝాన్సీలక్ష్మి, వయసు నలభై ఎనిమిది, పిల్లలు వెనకాల నన్ను ఏమని పిలుస్తారో ఇక్కడ రాయను. పోయిన ఏడాది వేసవి సెలవులకు ముందు నాకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ పోలేదు. పరీక్ష చేస్తే టీబీ అన్నారు.

మందులిచ్చిన డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "రోజుకు నాలుగు మాత్రలు, ఇరవై నాలుగు వారాలు. రెండు వారాలు దాటాక మీ నుంచి ఎవరికీ అంటుకోదు. కానీ బాగైపోయిందని మధ్యలో మానేస్తే అది మొండికేస్తుంది. తర్వాత ఈ మందులు పనిచెయ్యవు. ఒక్క రోజు కూడా మానకండి మేడం."

నాకు జబ్బుకంటే మనుషులంటే ఎక్కువ భయమేసింది. దానికి కారణం ఉంది. వెనక నేను పనిచేసిన స్కూల్లో మార్త అని ఆయా ఉండేది. ఆమెకు ఇదే జబ్బు వచ్చిందని తెలిసిన రోజు స్టాఫ్‌రూంలో అందరూ కుర్చీలు జరుపుకున్నారు. నేనూ జరుపుకున్నాను. నెల తిరక్కుండా ఆమె పని మానేసింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ తలెత్తాలనిపించదు. అందుకే ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. సెలవులు కాబట్టి నెలన్నర ఇంట్లోనే గడిచిపోతుంది. ఖాళీ మాత్రల అట్టను పేపర్లో చుట్టి, దారం కట్టి, చెత్తడబ్బాలో అట్టడుగున పెట్టాను.

చెత్తబండి రాకముందే సందులోని పొడిచెత్త డబ్బాలన్నీ యెషయా గారు ఒకసారి తనిఖీ చేస్తారన్న సంగతి మరిచిపోయాను. దారం కట్టిన పొట్లమంటే ఆయనకు క్రిస్మస్ కానుకతో సమానం.

మర్నాడు పొద్దున ఆరున్నరకు తలుపు చప్పుడైంది. తీస్తే, యెషయా గారు. చేతిలో నా అట్ట, మాత్రలుండే ప్లాస్టిక్ బుడిపెలన్నీ ఖాళీగా. దాని మీద మందు పేరు అంతంత అక్షరాలతో ఉంది.

"టీచరమ్మా, ఈ మాల్ మీదేనా?"

నేను అట్ట కోసం చెయ్యి చాపితే ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

"మస్తున్నయమ్మా ఈ బుడిపెలు. గుమ్మటాలకు పనికొస్తయి. గిట్ల పారెయ్యకుండ్రి. ఇంక ఎన్నొస్తయి?"

లెక్కల టీచర్ని కదా, ఎవరైనా ఎన్ని అని అడిగితే నోరు దానంతట అదే చెప్పేస్తుంది. "మొత్తం ఆరువందల డెబ్భై రెండు."

"అన్నీ కావాలె నాకు. ఒక్కటి తక్కువైనా పైకప్పు పూర్తి గాదు. రోజు నాలుగు. నేనే వచ్చి కోసుకుంట."

"వారానికోసారి అట్టంతా ఇచ్చేస్తానండీ. రోజూ ఎందుకు శ్రమ?"

"వద్దమ్మా. తాజాగుండాలె."

"ప్లాస్టిక్ తాజాగా ఉండటమేమిటండీ?"

"పాతబడితే గమ్ము పట్టది," అన్నారు, ఏమాత్రం తడబడకుండా. ఇంత తెలివితక్కువ మాట అంత గంభీరంగా చెప్పగలిగే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. జబ్బు సంగతి ఆయనకు అర్థం కాలేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ప్లాస్టిక్ మీద వ్యామోహంలో పేరు చదివి ఉండరులే అనుకున్నాను.

అప్పటినుంచి రోజూ ఆరున్నరకు కత్తెరతో హాజరు. నేను నాలుగు మాత్రలూ మింగి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టేదాకా గుమ్మంలో నిలబడి కమానుల గురించి, దూలాల గురించి చెప్పేవారు. గ్లాసు కింద పెట్టగానే "అయిపోయిందా?" అని చెయ్యి చాచేవారు. వరసగా నాలుగు బుడిపెలు కోసుకుని, అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. వానొచ్చినా వచ్చారు. ఆదివారం చర్చికి వెళ్ళేముందు ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. ఒకరోజు జ్వరమొస్తే ప్రిసిల్లా గారికి కత్తెర ఇచ్చి పంపారు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "మా ఆయన నన్ను కటింగ్‌కు పంపిండు టీచరమ్మా. నా మొగడు యుద్ధం జేస్తుంటే నాకు సుత డ్యూటీ పడ్డది," అని నిట్టూర్చారు.

మూడో నెల దాటేసరికి దగ్గు పోయింది. బరువు పెరిగాను. స్కూలుకు వెళ్తున్నాను. కానీ ఆ ఇటుకరంగు మాత్రలు చూస్తే చాలు, కడుపులో తిప్పేది. ఒకరోజు పొద్దున నా బుద్ధి గడ్డి తింది. బాగయ్యాను కదా, ఇంకా ఎందుకీ బాధ అనుకుని, ఆయన రాకముందే నాలుగు మాత్రలూ పొట్లం కట్టి చెత్తడబ్బాలో పడేశాను. ఆయన వచ్చాక "ఇందాకే వేసుకున్నాను" అని ఖాళీ బుడిపెలు చేతిలో పెట్టాను. ఆయన నా మొహం ఒకసారి చూసి, వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్ళారు.

మర్నాడు వచ్చి, ఆ నాలుగు బుడిపెల ముక్క నా చేతిలో తిరిగి పెట్టేశారు. పక్కనే పొట్లం విప్పి నాలుగు మాత్రలు చూపించారు.

"ఇది నాకొద్దమ్మా. మింగని మాత్ర బుడిపెకు గమ్ము పట్టది."

"మింగానో లేదో గమ్ముకెలా తెలుస్తుందండీ?"

"తెలుస్తది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టుబడ్డ కోపం మామూలు కోపంకంటే పెద్దది. "మీకు సిగ్గుందా యెషయా గారూ? ఒకరింటి చెత్త కెలకడమేమిటి? మీ బొమ్మరిళ్ళు మీరు కట్టుకోండి, నా ఒంటి సంగతి మీకెందుకు? రేపటినుంచి రావద్దు!" అని సందంతా వినపడేలా అరిచాను. ఆయన కత్తెర జేబులో పెట్టుకుని, తల వంచుకుని, "సరేనమ్మా," అని మెట్లు దిగారు.

సాయంత్రం ప్రిసిల్లా గారు గిన్నెలో రసం తెచ్చారు. కూర్చోలేదు. "టీచరమ్మా, నేను చెప్పిన్నని అనకుండ్రి. ఆయన తమ్ముడు పాల్ ఉండె. గిదే రోగం. బాగైందని నాలుగో నెలల గోలీలు బంద్ జేసిండు. మేము రోజూ అడగలే, పెద్దోడు గదా, ఏసుకుంటడులే అనుకున్నం." అంతే. రసం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

అంటే యెషయా గారికి మొదటిరోజు నుంచీ తెలుసు. మందు పేరు చదివే వచ్చారు. అయినా ఈ మూడు నెలల్లో ఆ జబ్బు పేరు ఒక్కసారి కూడా ఆయన నోటివెంట రాలేదు. నేను దాచుకోవాలనుకున్నాను కాబట్టి, ఆయన కూడా నాతో కలిసి దాచారు. నాకు ఏడుపొచ్చింది. రసం కూడా బాగా కారంగా ఉంది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు తలుపు తీస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. రావద్దంటే రాకుండా ఉండే మనిషి కాదు, లోపలికి మాత్రం రాలేదు. నేను గుమ్మంలో నిలబడి, ఆయన చూస్తుండగా నాలుగు మాత్రలూ మింగాను. నోరు తెరిచి చూపించాను కూడా. "కొయ్యండి," అన్నాను. కోశారు. తప్పిన ఆ ఒక్క రోజునూ డాక్టరమ్మ చివర్లో కలిపింది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు.

అయితే నేను ఒకటే అనుకున్నాను. ఆ బుడిపెలన్నీ ఆయన ఇంటికెళ్ళి పారేస్తున్నారని. గుమ్మటాలు ఉత్త సాకే కదా. బొల్లారం బల్ల మీది పద్దెనిమిది వందల యాభైల నాటి ఊళ్ళో ప్లాస్టిక్ గుమ్మటాలు ఎక్కడుంటాయి?

అక్టోబరులో చివరి పరీక్ష చేసి, జబ్బు పోయిందన్నారు. నవంబరులో యెషయా గారు, "ఈ ఆదివారం బొల్లారం రండి టీచరమ్మా. పెద్ద యుద్ధమున్నది," అని పిలిచారు. సరే, చూద్దామని ప్రిసిల్లా గారితో కలిసి వెళ్ళాను.

హాల్లో బల్ల చుట్టూ పదిహేను మంది ఉన్నారు. బల్ల మీద ఊరు ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. నాటు పెంకుల ఇళ్ళు, సున్నం గోడలు, గుర్రపుశాల, కిటికీకి ఆరు అద్దాలు. అన్నీ ఆ కాలానివే. ఊరి మధ్యలో గుట్ట మీద మాత్రం ఒక మేడ ఉంది. అడుగున్నర ఎత్తు, ఐదంతస్తులు, ప్రతి అంతస్తు నిండా, పైకప్పు నిండా వరసలు వరసలుగా గుమ్మటాలు. అది కోట కాదు, మసీదు కాదు, చర్చి కాదు. చూసిన మొదటి క్షణంలో నాకు ఇడ్లీ రేకులు బోర్లించినట్టు అనిపించింది. రెండో క్షణంలో ఆ బుడిపెలు గుర్తుపట్టాను.

హాలంతా నవ్వుతోంది.

"అంకుల్, ఏందిది? ఎయిర్‌పోర్టా?" అని ఒక కుర్రాడు.

"మంగళూరు పెంకుకు యుద్ధం ఆపిన మనిషి కట్టిందేనా?" అని ఇంకొకరు.

ఉదయ్ భాస్కర్ మర్యాదగానే అడిగారు. "అంకుల్, ఇది ఏ కాలానిదండీ?"

"ఏ కాలానిది గాదు," అన్నారు యెషయా గారు, గొంతు తగ్గించి.

"మరి తీసేద్దామా? మీరు పెట్టిన రూలే కదండీ."

"తియ్య."

"ఎందుకంకుల్?"

ఆయన నావైపు చూడలేదు. చూడకూడదని గట్టిగా అనుకున్నట్టు గోడవైపు చూశారు. "పైకప్పుకు కావాలె అని ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న. కట్టకపోతే నేను అడిగింది అబద్ధమైతది."

మళ్ళీ నవ్వారు. ఆయనకు ముసలితనం వచ్చేసిందని ఎవరో మెల్లగా అన్నారు. ఆయన విన్నారు. చెవుల దాకా ఎర్రబడ్డారు. నా పేరు ఒక్కటి చెబితే ఆ నవ్వు ఆగిపోయేది. చెప్పలేదు. అబద్ధం ఆడటం చేతకాక ఈ మనిషి ఒక మేడ కట్టాడు. నా రహస్యం కాపాడటానికి తన పరువంతా ఆ మేడ కింద పెట్టాడు. నాకిక నోరు ఆగలేదు.

"ఆ గుమ్మటాలు నావి," అన్నాను. క్లాసులో వాడే గొంతు అది, అందరూ గప్‌చిప్ అయ్యారు. "నాకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగాను. నేను మానేస్తానని భయపడి, గుమ్మటాలకు కావాలని చెప్పి రోజూ ఆయనొచ్చి ఖాళీవి పట్టుకెళ్ళారు. ఆరువందల డెబ్భై రెండు ఉంటాయి. నమ్మకం లేనివాళ్ళు లెక్కపెట్టుకోండి."

ఆ మాట బయటికి వచ్చాక నేను ఒక్కటే చూశాను, ఎవరు వెనక్కి జరుగుతారా అని. ఎవరూ జరగలేదు. ఎయిర్‌పోర్టు అన్న కుర్రాడు వంగి నిజంగానే లెక్కపెట్టడం షురూ చేశాడు. ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే ఈ బిల్డింగ్ ఇక్కడే ఉంటుంది. దీని మీద ఎవరూ కాల్పులు జరపకూడదు, రూల్ పెట్టుకుందాం," అన్నారు.

యెషయా గారికి అప్పుడొచ్చింది కోపం.

"ఎందుకు కాల్చరు? టీచరమ్మ ఏమన్న గాజుబొమ్మా? గోడ రెండు మిల్లీమీటర్ల మందమున్నది. కాల్చుండ్రి!"

"అలాగైతే మేడం, మీ మేడకు మీరే కమాండర్," అని ఉదయ్ భాస్కర్ నా చేతిలో పాచికలు పెట్టారు. ముప్ఫై మంది సైనికుల్ని కూడా ఇచ్చారు.

రెండు దాడులు తిప్పికొట్టాను. మూడో దాడికి యెషయా గారే దళం తీసుకుని గుట్ట ఎక్కారు. నా పాచిక బల్ల అంచుకు తగిలి దొర్లి, ఒకటి పడింది. అంచుకు తగిలింది కాబట్టి మళ్ళీ వెయ్యాలన్నాను. "పడింది పడ్డదే టీచరమ్మా," అని ఆయన తన సైనికుల్ని నా గుమ్మటాల మధ్యకు ఎక్కించేశారు. పావుగంట వాదించాను. ఇంచు కూడా తగ్గలేదు. ఆరు నెలలు నన్ను కంటికి రెప్పలా కనిపెట్టుకున్న మనిషి, నా మేడను ఆరు నిమిషాల్లో పట్టేసుకున్నారు. ఒంట్లో బాగున్నవాళ్ళతో ఎలా ఆడతారో నాతోనూ అలాగే ఆడారు. అందుకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. కానీ ఆ రోజు బొల్లారం నుంచి చిలకలగూడ దాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాచిక అంచుకు తగిలిందండీ, నేను కళ్ళారా చూశాను.